తలుపుకి అడ్డంగా రేపల్లె బ్రాంచి

ఫోన్లో ముందు ఈల వినిపించింది. ఆ తర్వాత అమ్మ గొంతు.

బాపట్లలో మామూలు పొద్దు. సాయి సుధ పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెట్టి, అవి ఉడికేలోపు ఒక పెళ్లివారి జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. ఇంటి ముందు గదే ఆమె కుట్టుకొట్టు. భర్త మధుసూదన్ వ్యవసాయ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు, స్నానానికి వెళ్లాడు. తెనాలి నుంచి అమ్మ చంద్రకళ రోజూ ఈ వేళకే ఫోన్ చేస్తుంది. ఏం కూర, ఎండెలా ఉంది, పక్కింటావిడ ఏమంది, ఇవన్నీ అయ్యాకగానీ అసలు సంగతికి రాదు. ఇవాళ అవన్నీ మానేసి సరాసరి అసలు సంగతికే వచ్చింది.

"విన్నావా ఆ ఈల? మీ నాన్నే. కోడలు చెక్క కోస్తదంట, ఈయన ఈల వేస్తాడంట. ఈల వెయ్యందే రంపం కదలకూడదంట. పొద్దున్నే మా ఇంటి సుప్రభాతం ఇదీ."

"ఎక్కడ కోస్తున్నారు?"

"ఎక్కడేంటి. నీ గదిలో."

సుధ చేతిలో సూది ఆగింది.

నాన్న బసవపున్నయ్య రేపల్లె ప్యాసింజర్లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. వేరే రైళ్లూ చేశాడు, గూడ్సులూ చేశాడు. కానీ ఆయన నోట ఎప్పుడూ రేపల్లె బ్రాంచే. తెనాలి దగ్గర మెయిన్ లైను వదిలిపెట్టి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా వరిచేల మధ్య పోయి, రేపల్లెలో ఆగిపోయే లైను. అక్కడితో పట్టాలు అయిపోతాయి. ఆ బ్రాంచి మొత్తాన్ని ఇంట్లో ఒక గదిలో కట్టి దాని మీద బొమ్మ రైలు నడపాలని ఆయన కోరిక. పట్టాలు పరవాలంటే ముందు కింద బల్ల కావాలి. బజార్లో దొరికే బల్ల పనికిరాదు. గోడల వెంట గది చుట్టూ తిరిగే చెక్క చట్రం కట్టాలి. అది కాస్త వంగినా, కుంగినా పైన రైలు పడిపోతుంది.

ఈ కోరిక సంగతి సుధకి తెలుసు. రిటైరైన మనిషి సరదా అనుకుంది. ఎక్కడ కడతాడో, ఎవరితో కలిసి కడతాడో అనుకోలేదు. ఇప్పుడు రెండూ ఒకేసారి తెలిశాయి.

అమ్మ చెప్పుకుపోతోంది. సుధ మంచం విప్పి అటకెక్కించారు. సుధ కుట్టు నేర్చుకున్న పాత మిషను పెరటి వరండాలో గోనెపట్టా కింద ఉంది. కోడలు సుమ తెల్లారి లేస్తే వంటింటి వైపు చూడటంలేదు, చున్నీ నడుముకి బిగించి ఆ గదిలో దూరుతోంది. కొడుకు తేజ చూసి నవ్వి గుంటూరు ఆఫీసుకి వెళ్లిపోతున్నాడు. మామా కోడళ్లకి తిండి కూడా గుర్తురావడంలేదు.

ఇడ్లీ పాత్రలో నీళ్లు ఇగిరిపోయి అడుగు మాడిన వాసన వచ్చింది. సుధ పొయ్యి కట్టేసి, హుక్కులు సగంలో వదిలేసింది. స్నానం చేసి వచ్చిన మధుసూదన్‌తో తెనాలి వెళ్తున్నానంది. పెళ్లివారి జాకెట్టు అని ఆయన గుర్తు చేస్తే, సాయంత్రానికి వచ్చి కుడతానంది.

రైల్లో కిటికీ దగ్గర కూర్చుంది. బయట నిడుబ్రోలు పోయింది, చేలు పోయాయి, ఆమెకేమీ కనపడలేదు. గది పోయిందని కాదు మంట. పెళ్లయి వెళ్లిన కూతురి గదిని ఎల్లకాలం తాళమేసి ఎవరూ ఉంచరు, అంతమాత్రం ఆమెకి తెలుసు. మంట రంపం దగ్గర.

చిన్నప్పుడు నాన్నకి సెలవు దొరికిన రోజున పెరట్లో చెక్కపని ఉండేది. పీటలు, అల్మరా అరలు, ఒకసారి కుక్కపిల్లకి ఇల్లు. చెక్కపొట్టు వాసనకి సుధ పుస్తకం పారేసి పరిగెత్తేది. నేను కోస్తా నాన్నా అని వెంటపడేది. ఆడపిల్ల చేతికి రంపమేంటమ్మా, వేళ్లు పోతే నిన్నెవడు చేసుకుంటాడని నవ్వేసి తేజాని కేకేసేవాడు. వాడు ఏడుపు ముఖంతో వచ్చి చెక్క కొస పట్టుకుని, నాన్న అటు తిరగ్గానే పారిపోయేవాడు. సెలవుల్లో వాణ్ణే రైల్లో తన గార్డు పెట్టెలో రేపల్లె దాకా తీసుకెళ్లేవాడు. ఈల వాడి నోట్లో పెట్టి ఊదమనేవాడు. సుధ అమ్మ చెయ్యి పట్టుకుని తెనాలి ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపేది. ఆమెకి దక్కింది అదే. చెయ్యి ఊపడం.

సరే, ఆడపిల్లకి కూడదన్నారు, కూడదనే అనుకుంది. మరి సుమ ఎవరు? మగపిల్లాడా?

అసూయ పడకూడదని అందరూ చెబుతారు. తమకి అందాల్సింది అందినవాళ్లే చెబుతారు ఆ మాట. అడిగినప్పుడు లేదన్న వస్తువుని అడ్డమైన కారణం చెప్పి దాచి, ఆనక కళ్లముందే ఇంకొకరి చేతిలో పెడితే, కడుపులో రగిలేదానికి మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది? సుధ వెతకలేదు. కుళ్లుకుంటోంది. కుళ్లుకుంటున్నానని ఆమెకి తెలుసు.

తెనాలిలో ఆటో దిగేసరికి అమ్మ అరుగు మీద గోంగూర ఒలుస్తోంది. కూతుర్ని చూసి ఆశ్చర్యపోయినట్టు నటించింది. ఫోన్లో అన్నదానికే పరిగెత్తుకొచ్చావా అంటూనే, వెళ్లు వెళ్లు, నీ కళ్లతో నువ్వే చూడు అని గొంతు తగ్గించింది.

హాల్లోంచి తన గది వైపు నడిచి, గుమ్మం ముందు సుధ ఆగిపోయింది. తలుపు బార్లా తీసి ఉంది. దారి మాత్రం లేదు. గుమ్మానికి అడ్డంగా, ఛాతీ ఎత్తున, ఈ గోడ నుంచి ఆ గోడకి చెక్క చట్రం. దాని కింద నేలంతా పొట్టు, ఆ పొట్టులో రెండు జతల పాదాలు.

"వంగి రండి వదినా. తల జాగ్రత్త," లోపలినుంచి సుమ పిలిచింది.

ఆ మాట సుధకి సూదిలా దిగింది. తన గదిలోకి తనని రమ్మంటోంది. అదీ వంగి.

వంగింది. వేరే మార్గం ఏముంది? లేచేటప్పుడు కిందికి పొడుచుకొచ్చిన స్క్రూ మొన జుట్టుకి తగులుకుంది. సుమ గబగబా వచ్చి విడదీయబోతే సుధ తనే లాక్కుంది. నాలుగు వెంట్రుకలు చెక్కకి ఉండిపోయాయి.

గది గుర్తుపట్టేలా లేదు. గోడల వెంట కాళ్లు నిలబడ్డాయి, కాళ్ల మీద నిచ్చెనలు పడుకోబెట్టినట్టు చట్రాలు. పైన ప్లైవుడ్ ఇంకా పరవలేదు. నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మెడలో పాత ఈల, చెవి మీద పెన్సిలు. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడంలేదని నాలుగు నెలల నుంచీ చెబుతున్నాడు. ఎడం చేత్తో గీతలు గీస్తున్నాడు. సుమ కనురెప్పల మీద కూడా పొట్టు. కుడిచేతిలో రంపం వదిలిపెట్టకుండా ఎడం చేత్తో సుధకి స్టూలు జరిపింది.

నాన్న ముఖం వెలిగిపోతోంది. అది చూస్తే సుధకి ఇంకా మండింది. రమ్మనడం, కూర్చోమనడం అయిపోయి మళ్లీ పనిలో పడ్డాడు. చట్రానికి చెయ్యి చాపి, కళ్లు గీత మీదే పెట్టి అడిగాడు.

"సుధా, ఆ మూలమట్టం అందుకో."

సుధ చటుక్కున లేచింది. మూలమట్టం అంటే మూలలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే పరికరమని ఆమెకి తెలుసు. చిన్నప్పుడు దూరం నుంచి చూసిన ప్రతి వస్తువు పేరూ తెలుసు. చెయ్యి చాపేలోపే సుమ దాన్ని తీసి మామగారి చేతిలో పెట్టేసింది. పెట్టి, ఏమీ జరగనట్టు చెక్క తిప్పింది.

తనని పిలిస్తే కూడా ఈమె దూరుతోంది. చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సుధ చట్రం పట్టుకుంది. అక్కడ చెక్క మీద పెన్సిలుతో ఊళ్ల పేర్లున్నాయి. వాయవ్యం మూల తెనాలి. ఉత్తరం గోడ మీద వేమూరు. గుమ్మం పక్కన భట్టిప్రోలు. సుమ పుట్టిల్లు భట్టిప్రోలే. ఆ పేరు మాత్రం వేరే చేతివ్రాత, గుండ్రంగా, పక్కన చిన్న పువ్వు. గుమ్మం దాటాక ఆగ్నేయం మూలన రేపల్లె.

"బాపట్ల ఏది నాన్నా?"

ఆయన నవ్వాడు. "బాపట్ల మెయిన్ లైను కదమ్మా. మన బ్రాంచిలో రాదు."

ఆయన చెప్పింది నిజమే. రైలు తెలిసిన మనిషి చెప్పే మాటే. కానీ మన బ్రాంచి అన్న మాట సుధ చెవిలోంచి కదల్లేదు. కోడలి ఊరు మన బ్రాంచిలో ఉంది. కూతురి ఊరు లేదు.

నాన్న ఈల వేశాడు. సుమ రంపం కదిలింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న మాటంతా కోడలి పనితనం గురించే. సుమ చెయ్యి గీత దాటదట. మొదటిసారి కోసినప్పుడు అడ్డపట్టీ పొట్టిదైపోతే ఏడ్చేసిందట, ఇప్పుడు తన కన్నా తిన్నగా కోస్తోందట. సుమ తల వంచుకుని చారు పోసుకుంటోంది. సుధ ముద్ద కలిపి కలిపి వదిలేసింది. మరి నా చెయ్యి ఎలాంటిదని ఒక్క మాట అడిగింది. నీదేముందమ్మా, మిషను మీద బంగారం కుడతావన్నాడు. అడిగిందేమిటో ఆయనకి అర్థంకాలేదు. సుమకి అర్థమైనట్టుంది, చారు గిన్నె ఇటు జరిపింది. సుధ దాన్ని ముట్టుకోలేదు.

గుమ్మానికి అడ్డంగా ఎవరైనా బల్ల కడతారా అని అప్పుడు అడిగింది సుధ. నాన్న భార్య వైపు చూశాడు. ఆవిడ మజ్జిగ వైపు చూసింది.

సంగతేంటంటే, నాన్నకి దిక్కులు తప్పకూడదు. భూమ్మీద రేపల్లె తెనాలికి ఆగ్నేయాన ఉంది కాబట్టి గదిలోనూ ఆగ్నేయానే ఉండాలి. తెనాలి మూల నుంచి అక్కడికి రెండు దారులు. ఇటు చుట్టూ వస్తే గుమ్మం అడ్డం. అటు చుట్టూ పోతే నైరుతి మూలన బీరువా అడ్డం. ఆ బీరువా కదపడానికి చంద్రకళ ససేమిరా అంది. నైరుతిలో బరువు ఉండాలి, తీస్తే ఇంటికి మంచిది కాదంది. అంతకంటే గుమ్మం మూసుకుంటే నయమంది. అందుకని గుమ్మం మూశారు. మోకాళ్ల నొప్పులతో వంగలేక ఆవిడే ఆ గదిలో అడుగుపెట్టి నెలైంది.

"ఇదంతా ఫోన్లో చెప్పలేదేం అమ్మా?"

"అది నీ పెళ్లి బీరువానే. నీ కోసమే కదా కదపనివ్వంది," అంది చంద్రకళ, ఏదో ఘనకార్యం చేసినట్టు.

తిన్నాక నాన్న హాల్లో నడుం వాల్చాడు. సుమ గిన్నెలు తోముతోంది. సుధ వెళ్లిపోదామనుకుంది. వెళ్తూ వెళ్తూ, బీరువాలో ఉండిపోయిన తన పెద్ద కత్తెర, పాత రవికెల గుడ్డలూ తీసుకుపోదామనుకుంది. ఇక్కడ తన సరుకెందుకు? వంగి లోపలికి వెళ్లింది. మూట కట్టుకుని రెండు చేతులా పొదివి పట్టుకుని బయటికి వంగింది. చేతులు ఖాళీగా ఉంటే ఏమయ్యేదో. మూటతో సరిగా వంగలేక నడినెత్తి చట్రానికి ఠంగున కొట్టుకుంది.

కళ్లు తిరిగి అక్కడే పొట్టులో చతికిలపడింది. మూట విడిపోయి గుడ్డలు చెల్లాచెదురయ్యాయి. నెత్తి తడుముకుంటూ పైకి చూస్తే గోడ మేకుకి రంపం వేలాడుతోంది. సుమ చేతి చెమటకి పిడి నల్లబడింది.

లేచింది. రంపం తీసింది. గుమ్మం మీద అడ్డంగా ఉన్న చట్రం మీద పెట్టి కోయడం మొదలెట్టింది.

ఎలా పట్టుకోవాలో తెలీదు. కత్తెర పట్టినట్టు పట్టుకుంది. రంపం ఎగిరింది, జారింది, చెక్క మీద నాలుగు చోట్ల గీరింది. చివరికి ఒక గాటులో దిగింది. దిగాక ఆమె ఆపలేదు. అడగ్గా అడగ్గా ఇవ్వని ప్రతి సెలవురోజునీ కోస్తున్నట్టు కోసింది.

చప్పుడుకి నాన్న లేచి వచ్చాడు. గుమ్మానికి అవతల నిలబడ్డాడు. సుమ తడిచేతుల్తో, అమ్మ గోడ పట్టుకుని వెనకాలే వచ్చారు. చట్రం ఇవతల సుధ, అవతల ముగ్గురూ.

"సుధా, ఈల వెయ్యకుండా..." అన్నాడు నాన్న. అలవాటు కొద్దీ వచ్చిన మాట అది.

"నాకెప్పుడన్నా ఈల వేశావా నాన్నా?"

ఆయన ఎడంచెయ్యి చట్రం మీద ఆనించాడు.

"నేను అడిగితే వేళ్లు తెగుతాయన్నావు. ఈ అమ్మాయివి వేళ్లు కావా?" సుధ రంపం ఆడిస్తూనే ఉంది. "అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి మానేశాను. కొడుకు వద్దన్నా వాడి చేతిలో పెట్టావు. కోడలు అడక్కముందే పెట్టావు."

"అడిగాను," అంది సుమ. "మామయ్యగారి భుజం పట్టేస్తే చెక్కలన్నీ అలా పడున్నాయి. ఆయన రోజూ వచ్చి చూసుకుని వెళ్లిపోతున్నారు. నేను కోస్తానండి అని అడిగాను."

"నేనూ అడిగానమ్మా. అప్పుడాయన భుజాలు రెండూ బాగున్నాయి. నా చెయ్యి అక్కర్లేకపోయింది."

అమ్మ ఏదో సర్ది చెప్పబోయింది. ఎవరూ వినలేదు. సుమ చట్రం దగ్గరికొచ్చింది. ఎప్పుడూ లేవని ఆ పిల్ల గొంతు ఇప్పుడు లేచింది.

"మీకొక్కరికే ఉందనుకుంటున్నారా వదినా కడుపుమంట? నేనొచ్చి రెండేళ్లయింది. ఇది సుధ గది. అది సుధ మంచం. సుధ అయితే పులుసు ఇలా పెట్టదు. మామయ్యగారు పొద్దున్నించి సాయంత్రం దాకా నన్ను పిలిచేది ఏమనో తెలుసా? సుధా అని. మొదట్లో సుమనండి అని చెప్పేదాన్ని. ఆయన వినిపించుకోరు. ఇప్పుడు పలుకుతున్నాను. పొద్దున మీ ముందు కూడా పలికాను. కోసేది నేను, పిలిచేది మిమ్మల్ని."

రంపం ఆగింది.

పొద్దున చాపిన తన చెయ్యి సుధకి గుర్తొచ్చింది. తనని పిలిచినందుకు తను లేచింది. తనని పిలిచినందుకే ఈ పిల్లా లేచింది. ఇద్దరూ ఒకే పేరుకి లేచి, ఒకే వస్తువు కోసం చెయ్యి చాపారు.

"పేరు నాకు, రంపం నీకు," అంది నెమ్మదిగా. "బాగా పంచాడు."

ఆడవాళ్లిద్దరూ ఒకేసారి బసవపున్నయ్య వైపు తిరిగారు. ఇంతసేపూ ఒకరినొకరు చూసుకుని మండిపడుతున్నారు. ఇలాంటి ఇళ్లల్లో ఎప్పుడూ జరిగేదే అది. ఇచ్చేవాడు నడిమధ్యలో ప్రశాంతంగా కూర్చుంటాడు, అందనివాళ్లు ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటారు. ఈసారి మాత్రం ఇద్దరి చూపూ చేరాల్సిన చోటికే చేరింది.

ఆయన ముఖం పాలిపోయింది. గుమ్మం పక్కన కుర్చీలో కూలబడి, పనిచేయని చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. తనకి తెలీకుండానే అలా పిలుస్తున్నానన్నాడు. రంపం చప్పుడు వినపడితే పెరట్లో పక్కన నిలబడి చూసే పిల్లే గుర్తొస్తుందనీ, నోటికి ఆ పేరే వస్తుందనీ అన్నాడు.

"గుర్తుందన్నమాట నేను నిలబడింది," అంది సుధ.

"ఉందమ్మా."

"మరెందుకు ఇవ్వలేదు?"

ఆయన ఒళ్లో చేతిని చూసుకున్నాడు. అబద్ధం చెప్పడానికి దారులు వెతుకుతున్నాడేమో అనిపించింది. వెతకలేదు.

"కారణమేం లేదు సుధా. నీకివ్వాలని అసలు తోచలేదు. నీ వేళ్లు తెగుతాయన్నది కూడా అప్పటికి నోటికొచ్చిన మాటే. అందరూ అనేదే అన్నాను. నీకేం పోయిందో నేను ఒక్కనాడూ ఆలోచించలేదు." ఆయన కళ్లు తుడుచుకోబోయి, అలవాటుగా కుడిచెయ్యి ఎత్తబోతే అది సగంలో ఆగిపోయింది. కళ్లు అలాగే కారాయి.

దీనికి సుధ సిద్ధంగా లేదు. ఏదో పెద్ద కారణం చెబుతాడని, దాన్ని ముక్కలు చేద్దామని వచ్చింది. ఏ కారణమూ లేకుండానే చిన్నతనమంతా ప్లాట్‌ఫారం మీద నిలబడింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రంపం లాగింది. అది కదల్లేదు. గట్టిగా లాగింది. చెక్క పళ్లు బిగించినట్టు రంపాన్ని పట్టేసింది.

"లాగొద్దు," అన్నాడు నాన్న. గొంతులో ఏడుపు ఉంది, కానీ గార్డు కూడా ఉన్నాడు. "సగం తెగాక చెక్క కిందికి కుంగుద్ది. కుంగితే గాటు మూసుకుని రంపాన్ని పట్టేస్తది. లాగితే విరుగుద్ది. కిందనుంచి ఎవరన్నా ఎత్తాలి."

ఎత్తడానికి ఆయన భుజం లేవదు. అమ్మ మోకాళ్లు వంగవు.

సుమ చున్నీ బిగించి కిందికి వంగింది. చట్రం కింద మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులూ చెక్కకి ఆనించి పైకెత్తింది. తను చిత్రిక పట్టిన చెక్క అది, తను బిగించిన చట్రం. దాన్నే కోయించడానికి ఎత్తి పట్టుకుంది. గాటు సన్నగా తెరుచుకుంది. రంపం వదులైంది.

"ఇప్పుడు కొయ్యండి వదినా," అంది కిందినుంచి.

సుధ కిందికి చూసింది. సుమ జుట్టు నిండా పొట్టు రాలుతోంది. మోచేతుల్లో నరాలు తేలాయి. సుధ పమిట చెంగు తీసి ఆ తల మీద కప్పింది.

"పిడి అంత బిగించి పట్టుకోకు," అన్నాడు నాన్న కుర్చీలోంచి లేచి. "చూపుడువేలు రంపం వెంట చాపు. అదీ. గాటు పక్కన ఎడంచేతి బొటనవేలు ఆనించు. భుజం నుంచి ఆడించు, మణికట్టుతో కాదు."

సుధ అలాగే పట్టుకుంది. పట్టుకుని, కోయకుండా నిలబడింది. నాన్న వైపు చూసింది.

ఎందుకు ఆగిందో ఆయనకి ఒక క్షణం అర్థంకాలేదు. ఆ తర్వాత అర్థమై, ఎడంచెయ్యి మెడలోకి వెళ్లింది. ఈల నోట్లో పెట్టుకున్నాడు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి మోగింది. పొడుగ్గా, తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండికి మోగినట్టు.

సుధ కోసింది.

ఒక పక్క తెగాక రెండో పక్కకి గీత ఆయనే గీశాడు. అమ్మ కూడా పట్టుకుంటానంటూ అవతల నుంచి కొస పట్టుకుంది. రెండో గాటు మొదటిదంత ఘోరంగా రాలేదు. ఆఖరి పోటుకి ముక్క విడిపోయి చంద్రకళ చేతుల్లోకి వచ్చింది. ఆవిడ బరువుకి తూలి, చెక్కని పొదివి పట్టుకుని, ఎదురుగా ఖాళీ అయిన గుమ్మాన్ని చూసింది. నెల తర్వాత వంగకుండా ఆ గదిలో అడుగుపెట్టింది.

"ఈ ముక్కకి ఒక పక్క తలుపు బందులు వేస్తే సరి," అన్నాడు నాన్న తెగిన కొసలు నిమిరి చూస్తూ. "ఎవరన్నా వచ్చినప్పుడు తెరుద్దాం, బండి వచ్చినప్పుడు మూద్దాం. లెవెల్ క్రాసింగు గేటల్లే. ఈ ఆలోచన ముందే రావాల్సింది." సుధ గీరిన పిచ్చి గీతల మీద వేలు ఆగింది. చిత్రిక పడదామా అని సుమ అడిగితే వద్దన్నాడు. ఉండనీ అన్నాడు. సుమా అనే పిలిచాడు. పిలిచి, సరిగ్గానే పిలిచానా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆ పిల్ల తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

సుధ బీరువాకి ఆనుకుని నిలబడి అరచేయి చూసుకుంటోంది. బొబ్బ లేస్తోంది. నాన్న ఆమెనే చూస్తున్నాడు. కాదు, ఆమె వెనకున్న మూలని చూస్తున్నాడు. చెవి మీద పెన్సిలు తీసి, తెనాలి మూల నుంచి పడమటి గోడ మీద గీత మొదలెట్టి కిందికి దించుకుంటూ వచ్చాడు.

"మెయిన్ లైను తెనాలిలోంచి ఇటు దిగుద్ది. నిడుబ్రోలు ఇక్కడ. ఆ తర్వాత..." బీరువా దగ్గర పెన్సిలు ఆగింది. "నైరుతి. బాపట్ల కచ్చితంగా ఈ మూలనే వస్తది."

గదిలో నలుగురూ బీరువా వైపు చూశారు. ముగ్గురు చంద్రకళ వైపు తిరిగారు.

ఆవిడ చేతిలో ఇంకా ఆ చెక్కముక్క ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పొద్దున తను ఫోన్లో అన్నవన్నీ గుర్తొచ్చాయో ఏమో, కూతురి ముఖం చూడలేకపోయింది.

"శాస్త్రంలో ఆ మూల బరువుండాలన్నారు, అంతేగా," అంది చివరికి. "బీరువానే ఉండాలని ఎవరన్నారు? బాపట్ల బల్ల గట్టిగా కట్టండి. అదీ బరువే."

సుధ నవ్విందో ఏడ్చిందో, రెండూ కలిసే వచ్చాయి. సుమ అప్పుడే బీరువాకి ఒక పక్క భుజం ఆనించింది. సుధ రెండో పక్క ఆనించింది. అది గోరంత కదిలి, గచ్చు మీద పెద్దగా కీచుమంది.

"బాపట్ల చట్రం నువ్వే కట్టాలి," అన్నాడు నాన్న. "ఆదివారం రాగలవా?"

"వస్తాను." సుధ రంపం తీసి, పిడికి అంటిన తన చెమట పమిటతో తుడిచి, సుమ చేతికిచ్చింది. "ఇది సుమది. నాకు వేరేది కొనిపెట్టు నాన్నా. పిడి కొత్తది ఉండాలి."

సాయంత్రం బండి వేళకి ఆమె చెప్పులు వేసుకుని గది ముందునుంచే వెళ్లింది. కత్తెర, గుడ్డల మూట ఆ గదిలోనే వదిలేసింది. వీధి గేటు దాటుతుండగా వెనకాల గదిలోంచి ఈల మోగింది. కోయడానికి ఇవాళ్టికి చెక్క ఏమీ మిగల్లేదు. సుధ వెనక్కి తిరిగింది, చెయ్యి ఊపలేదు. రెండు వేళ్లు నోట్లో పెట్టి, వీధి వీధంతా తిరిగి చూసేలా, తనూ ఒక ఈల వేసింది.